ఉల్లిపొట్టు రంగు గౌను

మా వదిన సబీనా ఫోలన్ రివేర్ తీరంలోని స్నానాల ఇంట్లో పద్నాలుగు వేసవులు బట్టలు ఉతికింది. బోస్టన్ నుంచి రైలు దిగి, నీలం ఉన్ని ఈత బట్టలు అద్దెకు తీసుకుని, సముద్రంలో ఓ గంట గెంతి, ఆ తడి ముద్దల్ని మా మొహాన పడేసి పోయే జనం బట్టలవి. ఎండ కాసిన ఆదివారం వచ్చిందంటే వేల జతలు. తడిసిన జత ఒక్కోటి గొర్రెపిల్లంత బరువు. నేను పిండే యంత్రం తిప్పుతుంటే ఆమె జత తర్వాత జత దాని నోటికి అందించేది. పాట లేదు, కబుర్లు లేవు. మా మేస్త్రీ ఆమెను మూగమ్మ అనేవాడు. మూగది కాదు, మాటలు దాచుకునే మనిషి. దాచుకున్నవన్నీ ఏం చేసుకునేదో నాకు ఈనాటికీ తెలియదు.

నేను ఆమె ఆడపడుచుని, పేరు విన్నీ. ఆడపడుచు అర్ధమొగుడంటారు. అసలు మొగుడు, మా అన్న కోల్మన్, తెల్లవారకముందే బోస్టన్ రేవుకు పోయి చేపల బుట్టలు దించి, సాయంత్రం వచ్చి, తిని పడుకునేవాడు. మాట్లాడే మొగుడు లేని ఇల్లు కాబట్టి ఆ మిగతా అర్ధం కూడా నేనే భర్తీ చేసేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధంతా అనేది. నిజమే. ఇప్పుడు చెప్పబోయే అనర్థంలో సగం ఆ నోటి వల్ల జరిగింది. మిగతా సగం ఆ నోటిని కప్పిపుచ్చుకోబోయి చేశాను.

మాది ఐర్లండు పడమటి ఒడ్డు. అక్కడ సముద్రం గుమ్మంలోనే ఉండేది, అయినా మాలో ఒక్కరికీ ఈత రాదు. మగవాళ్ళు కూడా నేర్చుకునేవారు కారు. పడవ మునిగితే ఈత వచ్చినవాడికి చావు ఆలస్యమవుతుంది, అంతకంటే లాభం లేదనేవారు మా నాన్న. అందుకే రివేర్‌లో పనికి చేరిన మొదటిరోజు, మెడదాకా నీళ్ళలో నిలబడి కిలకిల నవ్వుతున్న ఆడవాళ్ళను చూసి మా వదిన సిలువ గుర్తు వేసుకుంది. "చావడానికి డబ్బులిచ్చి మరీ వస్తున్నారేంటే వీళ్ళు" అంది నాతో. రోజూ సముద్రానికి యాభై అడుగుల దూరంలో పనిచేసిన మనిషి ఏనాడూ కాలి వేలు తడుపుకోలేదు.

మావాళ్ళకు ఒక్క ఆగస్టు పదిహేను వేరు. ఆ రోజు మరియమాత పండగ. ఆ రోజు ఉప్పునీళ్ళలో మందు ఉంటుందని మావాళ్ళ నమ్మకం. పొద్దున పూజ అయిపోగానే బోస్టన్‌లోని ముసలమ్మలంతా రైలెక్కి రివేర్‌లో దిగేవారు. నల్ల బట్టలతోనే ఒడ్డున కూర్చుని, జోళ్ళూ మేజోళ్ళూ విప్పి, పావడాలు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, జపమాలలు నీళ్ళలో ముంచి, కీళ్ళకూ కళ్ళకూ రాసుకుని, ఇంట్లో మంచాన పడ్డవాళ్ళ కోసం సీసాల్లో నింపుకునేవారు. జబ్బు గట్టిదైతే మూడు మునకలు వేయించాలి, తండ్రికొకటి, కొడుక్కొకటి, పవిత్రాత్మకొకటి. గొడుగులు పట్టుకుని షికారుకొచ్చిన ఊరి దొరసానులు మావాళ్ళను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నవ్వనీ. వాళ్ళ మందులు సీసాల్లో కొన్నవి, మావి సీసాల్లో పట్టినవి.

వదినకు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయాక పుట్టింది సీలియా. తల్లి దాచుకున్న మాటలన్నీ దీనికి వచ్చాయనుకునేవాళ్ళం, కానీ ఆ మాటల్లో సగం "వద్దు" అనే మాటే. జడ వద్దు, పాలు వద్దు, విన్నీ అత్త వద్దు. తీరంలో రేకు మీద ఫొటో తీసేవాడొకడు ఉండేవాడు. మూడుసార్లు తీసుకెళ్ళాం, మూడుసార్లూ వాడు కెమెరా మూత తీసేసరికి ఇది వెనక్కి తిరిగిపోయింది. మూడో రేకులో ఒక పిలక, ఒక చెవి పడ్డాయి. వాడు నవ్వి, పెద్దయ్యాక తీసుకురండి అన్నాడు. అలాగే అనుకున్నాం.

ఆరో యేట చలికాలంలో పిల్లకు కీళ్ళజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ గుండెను పట్టుకుని కూర్చుంది. నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలంగా మారేవి. ధర్మాసుపత్రి డాక్టరు వెచ్చగా ఉంచండి, పరిగెత్తనివ్వకండి అన్నాడు. బాగవుతుందా అని వదిన అడిగితే, జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. వదిన దారంతా ఆ జవాబునే నమిలింది. "బాగవుతుందని అనలేదే" అంది ఇంటికొచ్చాక. ఆ రోజు నుంచి ఆగస్టు పదిహేను కోసం రోజులు లెక్కపెట్టింది. పండగకు గౌను కుట్టింది. గుడ్డ పిండి సంచిదే. మూడు వారాలు ఉల్లిపొట్టు పోగుచేసి, ఉడకబెట్టి, ఆ రసంలో ముంచితే బంగారమూ కాని, ఇటుకా కాని ఒక పసుపు వచ్చింది. అలాంటి రంగు కొట్లో ఎక్కడా దొరకదు.

ఇక మా బొమ్మలాయన సంగతి. పేరు విట్‌కమ్, పాతకాలపు బోస్టన్ కుటుంబం, ఒంటరి మనిషి. ప్రతి వేసవీ స్నానాల ఇంటి వరండా మెట్ల మీద కూర్చుని ఒళ్ళో చిన్న పుస్తకం పెట్టుకుని రంగులు చుక్కలు చుక్కలుగా పెట్టేవాడు. గొడుగులు, టోపీలు, పావడాలు, జెండాలు, అన్నీ చుక్కలే. గుడ్డపీలికలు కలిపి కుట్టిన బొంతలా ఉండేది ఆ బొమ్మ. మనుషులకు కళ్ళూ ముక్కూ ఉండేవి కావు. నేనూరుకుంటానా, ఓ రోజు అడిగేశాను.

"ఏం బాబూ, మా మొహాలు అంత పాడుగా ఉన్నాయా, ఒక్కదానికీ ముక్కు పెట్టలేదు?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. దూరం నుంచి మనిషిని మొహంతో పోల్చుకోము, నిలబడ్డ తీరుతో పోల్చుకుంటామని చెప్పాడు. నాకదేం ఎక్కలేదు. డబ్బున్నవాళ్ళ పిచ్చికి పేర్లు పెట్టకూడదని వదిలేశాను.

పంతొమ్మిది వందల ఎనిమిదిలో మరియమాత పండగ శనివారం వచ్చింది. ఎండ ఉంది కానీ తూర్పుగాలి కోస్తోంది. మధ్యాహ్నం మాకు అరగంట విరామం. మా పక్కింటి గెరటీ మామ్మ సీలియాను వెంటబెట్టుకుని వచ్చింది. తన మోకాలు పోయినేడు ఈ నీళ్ళతోనే నయమైందని పదోసారి చెప్పింది. నయమైన మోకాలితో కుంటుకుంటూ వచ్చావేం మామ్మా అంటే, అది రెండో మోకాలే మొద్దూ అంది.

వదిన జోళ్ళు విప్పి నా చేతికిచ్చింది. ఆకుపచ్చ శాలువా నడుముకు బిగించి కట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని తడి ఇసుక దాకా నడిచింది. జీవితంలో మొదటిసారి ఆమె పాదాలకు సముద్రం తగలడం చూశాను. ఆమె వెనక్కి చూడలేదు, ప్రార్థన చదువుకుంటూ నీళ్ళకేసే చూస్తోంది. పిల్ల ఆగిపోయింది. మడమలు ఇసుకలో దిగేసింది. "వద్దమ్మా, చలి" అంది. వదిన ఇంకో అడుగు వేసింది. పిల్ల ఏడవలేదు, పారిపోలేదు, ఒళ్ళంతా వెనక్కి వాలేసింది. చెయ్యి ముందుకు సాగి, తల వెనక్కి పడి, పసుపు గౌను గాలికి పొట్టకంటుకుని. మొండిగాడిదను తాడుకట్టి లాగుతున్నట్టే ఉంది. చుట్టుపక్కల ముసలమ్మలు నవ్వారు. వదిన చేతిలో పట్టు సడలడం నేను చూశాను. వదిలేసేదే. అప్పుడు నేను నోరు తెరిచాను.

"లాగెయ్ వదినా. దాని వద్దుకేంటి, అన్నిటికీ వద్దే. మూడు మునకలేగా."

లాగింది. తండ్రి, కొడుకు, పవిత్రాత్మ. మూడో మునకకు పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. శాలువాలో చుట్టి ఎత్తుకొచ్చింది. ఆ సాయంత్రం సీలియా రొట్టె మీద జామ్ రాసుకుని రెండు ముక్కలు తింది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. వదిన ఆ బుగ్గలు చూసి మోకాళ్ళ మీద కూర్చుని దేవమాతకు దండం పెట్టుకుంది. ఆ ఎరుపు జ్వరానిదని మాకు మూడోనాటికి తెలిసింది. ఊపిరితిత్తుల్లోకి నెమ్ము దిగింది. ఇరవై నాలుగో తేదీ తెల్లవారుజామున పిల్ల పోయింది.

ఇంత గుండెజబ్బు పిల్లను చన్నీళ్ళలో ముంచిందెవరని డాక్టరు అడిగాడు. మా అన్న మా వదినకేసి ఒకసారి చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అతను సీలియా పేరు పలకలేదు. శవం దగ్గర కూర్చున్న రాత్రి, వచ్చినవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండి, అందరికీ వినబడేలా చెప్పాను. పిల్ల నవ్వుకుంటూ వెళ్ళింది నీళ్ళలోకి, తల్లి చెయ్యి పట్టుకుని తనే ముందు పరిగెత్తింది, నేను కళ్ళారా చూశాను అన్నాను. అసలేం జరిగిందో గెరటీ మామ్మ కూడా చూసింది. ఆమె నాకేసి చూసి, అవునవును అంది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి. వదిన తల ఎత్తలేదు.

మరుసటి వేసవి జూన్‌లో విట్‌కమ్ ఎప్పటిలాగే వచ్చాడు. ఉతికే గది కిటికీ దగ్గర ఆగి, టోపీ ఎత్తి, ఆ పసుపు గౌను పాప ఈ యేడు కనబడలేదేమని అడిగాడు. నా చెయ్యి యంత్రం మీదే ఆగిపోయింది. వదిన నీళ్ళు కారుతున్న బట్ట పట్టుకుని, పోయిందండీ అని చెప్పింది, ఏదో సరుకు అయిపోయిందన్నట్టు. ఆయన చాలాసేపు టోపీ పెట్టుకోలేదు. తర్వాత, చెప్పాలో వద్దో తెలియనట్టు, నెమ్మదిగా అన్నాడు.

"పాప నా బొమ్మలో ఉందమ్మా. పోయినేడు పండగరోజు పుస్తకంలో వేసుకున్నాను. చలికాలమంతా దాన్నే పెద్ద బొమ్మ చేశాను. సరిగ్గా నడిమధ్యన ఉంది. మీరూ ఉన్నారు."

మా వదిన బట్ట కింద పెట్టేసింది. ఏ మగవాణ్ణీ ఏదీ అడగని మనిషి, తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ కిటికీ దగ్గరకొచ్చి, "చూడనిస్తారా?" అంది.

తప్పకుండా అన్నాడాయన. సెప్టెంబరు నెలాఖరుకు బొమ్మ న్యూయార్క్ పోతుంది, ఎవరో ప్రదర్శనలో పెడతారు, ఆలోగా ఎప్పుడైనా బోస్టన్‌లో తన గదికి రమ్మన్నాడు. కానీ వేసవిలో మాకు సెలవు ఎక్కడిది? జనానికి ఆటవిడుపైన రోజులన్నీ మాకు చాకిరీ. సెప్టెంబరు మొదటి సోమవారం దాటితే గానీ స్నానాల ఇల్లు మూయరు. వదిన మళ్ళీ రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆమెకేం కావాలో నాకు తెలుసనుకున్నాను. పిల్లది ఒక్క ఫొటో లేదు, ఆ చెవి ఉన్న రేకు ముక్క తప్ప. కానీ అంతకంటే పెద్దది ఇంకోటుందని నా నమ్మకం. తాను పిల్లను ఈడ్చుకెళ్ళిందా, లేక పిల్లే వెళ్ళిందా, అది తేల్చుకోవాలి. ఆ వేసవి బట్టలు పిండుతూ పిండుతూ ఉన్నట్టుండి అడిగేది, "అదెలా వెళ్ళిందే నీళ్ళలోకి?" అని. నేను తడుముకోకుండా, "పరిగెత్తుకుంటూ వెళ్ళింది వదినా, ఎన్నిసార్లు చెప్పాలి" అనేదాన్ని. "సర్లే" అనేది. ఆ సర్లే అనే మాటకు నా ప్రాణం లేచొచ్చేది. నమ్మింది, కోలుకుంటోంది అనుకునేదాన్ని. తీరా ఇప్పుడు బొమ్మ చూస్తే? అందులో పిల్ల వెనక్కి వాలి ఉంటే? తల్లి చచ్చిపోదా? నిజం చెప్పాలంటే, దాని వెనకాల జోళ్ళు పట్టుకుని నోరు తెరిచిన మనిషి కూడా ఆ బొమ్మలో ఉంటే అన్న భయం కూడా నాకుంది.

ఆగస్టులో పన్నునొప్పి అని అబద్ధం చెప్పి నేను ముందుగా వెళ్ళాను. మూడు అంతస్తులెక్కితే ఆయన గది. నన్ను చూసి ఆశ్చర్యపోయి, గోడకు ఆనించిన బొమ్మను ఇటు తిప్పాడు.

ఏం రంగులవి. సముద్రం ఆకుపచ్చా ఊదా ముక్కలు ముక్కలుగా, ఇసుక గులాబీ రంగులో, గొడుగులు ఎర్రగా నారింజగా, మా ముసలమ్మల నల్ల పావడాలు కూడా ఆయన కంటికి నీలంగా కనబడ్డాయి కాబోలు. పెళ్ళివారిల్లులా ఉంది. ఎవరికీ మొహం లేదు. అయినా నేను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవగలను. నడుం మీద చెయ్యేసుకుంది గెరటీ మామ్మ. ముందుకు వంగి, ఆకుపచ్చ శాలువాతో, నీళ్ళకేసి తిరిగినది మా వదిన. ఆమె చేతి చివర పసుపు. మడమలు దిగేసి, తల వెనక్కి పడేసి, సాగిన చెయ్యితో మా సీలియా. పిల్ల లేచొచ్చి నా ముందు వద్దు అన్నట్టే ఉంది. నేను లేను ఆ బొమ్మలో. నన్ను వేయలేదు. అందుకు సంతోషం కలిగినందుకు సిగ్గేసింది.

నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపయ్యాక ఆయనకు అంతా చెప్పాను, పండగ నీళ్ళ సంగతి, మునకలు, డాక్టరు మాట, మా అన్న మౌనం. నేను లాగెయ్ అన్న మాట మాత్రం చెప్పలేదు. తర్వాత అడిగాను.

"పిల్లను అటు తిప్పండి బాబూ. తనే ముందు పరిగెత్తుతున్నట్టు వెయ్యండి. కన్నతల్లికి ఇది చూపిస్తారా?"

ఈ బొమ్మంతా ఆ వాలు మీదే నిలబడి ఉందమ్మా, అది తీసేస్తే మిగతావన్నీ వట్టి గొడుగులు అన్నాడు. గొడుగులే ఉండనివ్వండి, మనిషి బతుకుతుంది అన్నాను. ఆయనకు పిల్లల్లేరు, తల్లుల సంగతి తెలియదు, నా మాట నమ్మాడు. బల్లమీది చాకు తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. ఉల్లిపొట్టు రంగు చాకు అంచున వెన్నలా పోగుపడింది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచాడు. అంతటితో ఆగానా? పోయినేటి పుస్తకం కూడా అడిగాను. అందులో ఆ పేజీ చింపించి, ఆయన కాఫీ కాచుకునే చిన్న పొయ్యిలో నా చేత్తో పెట్టాను. రంగుకాగితం కదా, తడిగా ఉన్నట్టు నెమ్మదిగా అంటుకుంది. మెట్లు దిగుతుంటే ఒంట్లోంచి పెద్ద బరువు దిగిపోయినట్టుంది. గుడికెళ్ళి ఒక కొవ్వొత్తి కూడా వెలిగించాను, మంచిపని చేశానని.

స్నానాల ఇల్లు మూసిన మూడోరోజున వదినా నేనూ బోస్టన్ వెళ్ళాం. ఆమె ఆదివారం టోపీ పెట్టుకుంది. మూడు అంతస్తులూ ఆగకుండా ఎక్కింది. విట్‌కమ్ నాకేసి చూడకుండా బొమ్మ తిప్పాడు.

పసుపు గౌను పిల్ల తల్లికంటే ముందుంది. ఒక కాలు గాల్లో, రెండో కాలు నురగలో, చెయ్యి వెనక్కి చాచి తల్లిని పిలుచుకుపోతోంది. ముద్దుగా ఉంది. పంచాంగం అట్టమీద వేసుకోవచ్చు. మా వదిన ఆ బొమ్మకు మూరెడు దూరంలో నిలబడి పైనుంచి కిందకు, ఆ చివర నుంచి ఈ చివరకు వెతికింది. శాలువా మీద వేలు ఆనించబోయి ఆగింది. పిల్ల దగ్గర చాలాసేపు ఆగింది. మళ్ళీ మిగతా బొమ్మంతా వెతికింది, ఇంకెక్కడో ఇంకో పసుపు ఉందేమోనన్నట్టు. చివరికి చాలా బాగుందండీ అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఆ రోజు పుస్తకంలో వేసుకున్నానన్నారు, అది ఉందా అని అడిగింది.

ఆయన నాకేసి చూశాడు. నేను నేల చూశాను. అది పాడైపోయిందమ్మా అన్నాడు.

రివేర్‌లో రైలు దిగాక వదిన ఇంటివైపు కాకుండా తీరంవైపు నడిచింది. జనం లేరు. కొట్లకు చెక్కలు కొట్టేశారు. మధ్యాహ్నపు ఎండలో ఒట్టి ఇసుక, నీళ్ళు.

"ఆయన మంచివాడు" అంది. "అందంగా వేశాడు."

నాకు ఊపిరొచ్చింది. "చూశావా మరి, నేను చెప్పలేదూ..."

"అది సీలియా కాదే."

ఏ ఇంటి పిల్లో, ముచ్చటగా ఉంది, తనది మాత్రం కాదంది. నేను వాదించాను. గౌను చూడు, పిలక చూడు అన్నాను. ఆమె నా మాట పూర్తి కానిచ్చి, నెమ్మదిగా చెప్పింది. అన్నేళ్ళలో ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

"నేను తప్పు చేశానో లేదో చూసుకోడానికి వెళ్ళాననుకున్నావా? అది నాకు తెలుసే. నా చేతికి తెలుసు, అదెంత గట్టిగా వెనక్కి లాగిందో. ఇప్పటికీ ఈ మణికట్టులో ఉంది. కానీ నేను చూడలేదు. నీళ్ళకేసి చూస్తున్నా. అదెలా నిలబడిందో, తల ఎలా పెట్టిందో, నువ్వు చూశావు, గెరటీ మామ్మ చూసింది, దారినపోయే దొరసానులు చూసి నవ్వారు. అందరూ చూశారు, నేను తప్ప. ఒక్కసారి వెనక్కి తిరిగి దాన్ని చూద్దామని వెళ్ళానే. అంతే."

చాకు అంచున పోగుపడ్డ పసుపు, పొయ్యిలో ముడుచుకుపోయిన కాగితం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. ఆ సాయంత్రం చెప్పలేదు, తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ఇంట్లో బతికి, ప్రాణం పోయేవేళ ఆమె చేతిలో కొవ్వొత్తి పెట్టేదాకా చెప్పలేదు. ఆమె పోయి ఆరేళ్ళయింది, ఇప్పుడు రాస్తున్నాను. ఆ బొమ్మ న్యూయార్క్‌లో ఎవరో కొనుక్కున్నారని విన్నాను. వాళ్ళ హాల్లో ఎవరి పిల్లో పరిగెడుతూ ఉంటుంది.

"నువ్వు చూశావుగా" అంది వదిన. "పరిగెత్తిందని ఇంకెప్పుడూ అనకు. చూపించు."

"ఏం చూపించను వదినా?"

"ఎలా నిలబడిందో."

ఆమె నా మణికట్టు పట్టుకుని నీళ్ళకేసి తిరిగి నిలబడింది, ఆ రోజులాగే. నాకప్పుడు పాతికేళ్ళు, ఆమెకంటే పొడుగు, ఆదివారం బట్టల్లో ఉన్నాను. గట్టుమీద ఎవరో ముసలాయన కుక్కను తిప్పుతూ మమ్మల్ని చూస్తున్నాడు. నేను మడమలు ఇసుకలో దిగేశాను. చెయ్యి సాగేదాకా, ఒంట్లో బరువంతా వెనక్కి వాలేశాను. తల వెనక్కి పడేశాను. సిగ్గూ ఏడుపూ కలిసొచ్చాయి, అయినా వాలాను, పిల్ల ఎంత వాలిందో అంత వాలాను.

చేతిలో ఆ లాగుడు తెలియగానే వదిన వెనక్కి తిరిగింది. నన్ను చూడలేదామె. నా నడుమెత్తున ఎక్కడో చూసింది, చాలాసేపు చూసింది. మొహం అంతా వదులైపోయింది.

"సరే, వద్దులే బంగారం" అంది. "చలిగా ఉంది. ఇంటికి పోదాం."

వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి వదిలేసింది. నేను ఇసుకలో వెల్లకిలా పడ్డాను.